చుక్కల మందు వేసిన గంట

"జర తల ఎనుకకు వంచు బిడ్డా" అంది నర్సు సక్కుబాయి. సంయుక్త వంచీ వంచకముందే కుడి కంట్లో చల్లగా ఒక చుక్క పడింది, ఎడమ కంట్లో ఇంకొకటి, ఆ చల్లదనం క్షణంలో మంటగా మారి ముక్కులోంచి గొంతులోకి చేదుగా దిగింది. "ఇగ కండ్లు మూసుకొని కూసో. ఇంకో రెండుసార్లు వేస్త. గంట వడ్తది. ఫోన్ గీన్ ముట్టొద్దు, ముట్టినా ఏం కనవడదు. ఎంబడి ఎవరొచ్చిన్రు?" ఎవరూ రాలేదండి, అంది సంయుక్త. "గట్లెట్ల? సాయంత్రం దాంక చూపు మసకమసకనే ఉంటది. బస్సులు గూడ లేకపాయె." ఏదో ఒకటి చూసుకుంటానులెండి అని తనన్న మాట తనకే ఎవరి గొంతో అన్నట్టు వినిపించింది. సక్కుబాయి చెప్పులు టపటపమంటూ దూరమయ్యాయి. కళ్ళు మూసుకుంటే చీకటిగా ఉంటుందనుకుంది కానీ లేదు, ఎర్రగా ఉంది, కిటికీలోంచి మాదాపూర్ మధ్యాహ్నపు ఎండ రెప్పల మీద పడుతోంది కాబోలు, ఆ ఎరుపు అంచున మళ్ళీ ఆ మెరుపు, వారం రోజులుగా కుడి కంటి కొసన గీత గీసినట్టు మెరిసి మాయమవుతున్నదే, కళ్ళు మూసుకున్నా మెరుస్తోంది. అద్దాలు మైనస్ ఏడు. ఇంత పవర్ ఉన్నవాళ్ళకి రెటీనా పల్చబడి చిల్లు పడొచ్చు, మందు వేసి వెనక దాకా చూస్తేగానీ చెప్పలేం అంది డాక్టరమ్మ, చిల్లు అనే మాట ఎంత మామూలుగా అందో, బనీనుకు చిల్లు పడ్డట్టు. అమ్మకు మెరుపుల సంగతి చెప్పలేదు, కళ్ళజోడు మార్పించుకోవాలి అంతే అంది. చెప్పి ఉంటే అమ్మ రత్నమాల లింగంపల్లి నుంచి నడిచైనా వచ్చేసేది.

ఒళ్ళో ఫోన్ వణికింది. చెయ్యి దానంతటదే వెళ్ళింది, బొటనవేలు అద్దం మీద పైకి జరిపే జాగాలో ఆగింది. ఎవరై ఉంటారు. ఏమని ఉంటారు. ఒకసారి వణికితే లైకు, రెండుసార్లు వెంటవెంటనే వణికితే మాట, అని ఏమీ లేదు, అన్నీ ఒక్కలాగే వణుకుతాయి, అయినా తనకు తేడా తెలుస్తుందని నమ్మకం. మొదట్లో ఇదంతా లేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో చిన్న నోకియా ఉండేది, దాంట్లో అలారం ఒక్కటే మోగేది, మధ్యాహ్నం భోజనాలయ్యాక తనూ, తనతోపాటే చేరిన స్వరూపా కాంపస్ చుట్టూ రెండు చుట్లు తిరిగేవాళ్ళు, రెండో చుట్టు పూర్తయ్యేలోగా టెస్టింగ్ టీం వాళ్ళందరి నడకలూ అనుకరించి నవ్వడం అయిపోయేది. ఆ నడక ఎప్పుడు ఆగిందో గుర్తులేదు. ఒకరోజు ఫోన్ చూస్తూ నడిచారు, తర్వాత ఫోన్ చూస్తూ కూర్చున్నారు. ఇప్పుడు మధ్యాహ్నం డబ్బా మూత తీసి ఎడమ చేత్తో ఫోన్ పట్టుకుంటుంది, తిన్నాక చూస్తే డబ్బా ఖాళీగా ఉంటుంది, సాయంత్రం ఏమే, దొండకాయ కుదిరిందా అని అమ్మ అడిగితే దొండకాయ తిన్నట్టే గుర్తుండదు. మెడ ఎడమవైపు తిరగదు. బొటనవేలి మొదట్లో ఒక నొప్పి, నీళ్ళ సీసా మూత తిప్పితే తెలుస్తుంది. ఇరవై ఐదేళ్ళకి ఈ నొప్పులేమిటే అని నాన్న సీతారామయ్య నూనె సీసా తెచ్చి పక్కన పెట్టి వెళ్తాడు, ఏదీ గట్టిగా అనని మనిషి, ఈ మూడు వారాలుగా ఆయన ప్రభుత్వ ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ, సమ్మెలో ఉన్న తన స్నేహితులు గేటు బయట టెంటులో కూర్చుంటే రోజూ వాళ్ళకి నమస్కారం పెట్టి లోపలికి వెళ్తున్నాడట, వాళ్ళూ పెడుతున్నారట. మాదేముందమ్మా, ఇరవై ఏళ్ళ స్నేహాలు, అన్నాడు. ఇరవై ఏళ్ళ స్నేహం నమస్కారంతో ఆగుతుంది. నాలుగేళ్ళ స్నేహం దేంతో ఆగుతుంది.

గదిలో టీవీ నడుస్తోంది. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె అంటున్నాడు వార్తలు చదివేవాడు, ఇరవై మూడో రోజు, బస్సులు డిపోలు దాటలేదు, బడులు తెరవలేదు, వంటావార్పు, వెనక నుంచి డప్పుల మోత, ఆ మోత వింటే చాలు ఆమె చెవులు వేడెక్కుతాయి, ఎందుకంటే ఆ రోజు కూడా ఇదే మోత. కొండాపూర్ చౌరస్తాలో కంపెనీ కాబ్ ఆగిపోయింది, ముందు జనం, రోడ్డు మధ్యలో మూడు రాళ్ళ పొయ్యిలు, పెద్ద గిన్నెల్లో అన్నం ఉడుకుతోంది, విస్తళ్ళు వేసుకుని బారుగా కూర్చుని తింటున్నారు, ఎవరో ఒకావిడ కాబ్ అద్దం మీద కొట్టి రా బిడ్డా, నువ్వు గూడ ఓ ముద్ద తిను అని పిలిచింది కూడా. సంయుక్త నవ్వి వద్దని చెయ్యి ఊపింది. ఆ ఊపిన చేత్తోనే ఫోటో తీసింది. తొమ్మిదిన్నర మీటింగుకు ఆలస్యమవుతోందన్న చిరాకు ఉంది, కానీ నిజానికి అంత చిరాకేం కాదు, ఫోటో బాగా వచ్చింది, పొగ, ఎండ, వరస, దాని కింద ఏదో ఒకటి రాయాలి, "ఉద్యమమా? వనభోజనాలా?" అని తట్టింది, తట్టగానే తనకే నవ్వొచ్చింది, ఫేస్‌బుక్‌లో పెట్టేసింది. అంతే. అర నిమిషం పని. తను నాలుగేళ్ళప్పుడు రేపల్లె నుంచి వచ్చి లింగంపల్లిలో పెరిగింది, ఏ ఊరు అని ఎవరడిగినా లింగంపల్లి అనే చెప్పేది, అందులో అబద్ధం ఉందని ఎన్నడూ తోచలేదు, కానీ ఈ ఏడాది ఫేస్‌బుక్‌లో అందరి ముఖాలూ మారిపోయాయి, కొందరు గులాబీ రంగు పూసుకున్నారు, కొందరు సమైక్య రాష్ట్రం పటం పెట్టుకున్నారు, నువ్వెటు అని పిన్ని కొడుకులు, నువ్వెటు అని కాలేజీ వాళ్ళు, ఎటూ చెప్పకుండా తిరిగి తిరిగి ఒక ఉదయం చిన్న హాస్యంతో ఒక వైపు నిలబడిపోయింది. ఆఫీసు చేరేలోపు నూట పది లైకులు. తన పుట్టినరోజు ఫోటోకే ఇరవై దాటలేదు. భోజనాల వేళకి మూడు వందలు. ఎవరెవరో, ముఖం తెలియనివాళ్ళు, సూపర్ సిస్టర్, భలే అన్నారు మేడం అంటూ. ఒంట్లో ఏదో తేలిక, ఆకలి లేదు.

సాయంత్రం నాలుగింటికి స్వరూప రాసింది. పక్క వరసలోనే కూర్చుంటుంది, లేచి వచ్చి చెప్పలేదు, అక్కడే రాసింది, "మా అక్క టీచర్. రోజూ గిట్లనే రోడ్డు మీద తింటున్నది. అది వనభోజనం గాదు సంయుక్తా." అంతే, కోపం కూడా లేదందులో, పేరు పెట్టి పిలిచింది, నీకు తెలియక రాశావులే అన్నట్టు. అప్పుడు తీసేసి ఉంటే సరిపోయేది. అటు తిరిగి, సారీ స్వరూపా, అంటే సరిపోయేది, మధ్యలో పది అడుగులు, ఒక అట్ట గోడ. కానీ ఆ మాట కింద అప్పటికే ఒకడు వచ్చాడు, తర్వాత ఇంకొకడు, అరగంటలో ముప్పై మంది, వాళ్ళెవరూ సంయుక్తకు తెలీదు, వాళ్ళకి స్వరూపా తెలీదు, ఆమె అక్కా తెలీదు. చదువుతూ చదువుతూ ఆమె కుర్చీలో ముందుకు జరిగింది. కొన్నింటిని చదవలేక పైకి జరిపేసింది. అయినా కింద అంకె పెరుగుతూనే ఉంది, నాలుగు వందలు, ఐదు వందలు, తీసేస్తే అదంతా పోతుంది కదా, అవును, ఆ ఆలోచనే వచ్చింది, కళ్ళు మూసుకున్న ఈ ఎర్రటి గదిలో దాన్ని వేరే మాటతో కప్పడానికి ఏమీ దొరకడం లేదు, అంకె పోతుందని తీయలేదు. "అందరూ కూల్‌గా ఉండండి" అని రాసి పక్కన ఒక నవ్వు ముఖం పెట్టింది. ఆ నవ్వు ముఖానికి కూడా పద్దెనిమిది లైకులు వచ్చాయి. మర్నాడు స్వరూప డబ్బా పట్టుకుని వేరే బల్ల దగ్గర కూర్చుంది. ఆ పై రోజు తన స్నేహితుల పట్టికలో స్వరూప పేరు లేదు.

ఇది జరిగి పదిహేను రోజులు. మళ్ళీ చెప్పుల టపటప, "తల వంచు", చుక్క, మంట, చేదు. "ఇంకొక్కపారి వేస్త. నిద్రొస్తుందా బిడ్డా?" లేదండి. నిద్ర ఎక్కడిది. పొద్దున లేవగానే ముఖం కడక్కముందే చూడాలి, రాత్రంతా ఎవరేమన్నారో, మధ్యలో మెలకువ వచ్చినా దిండు కింద చెయ్యి పెట్టాలి, స్వరూప ఏమైనా రాసిందేమోనని ఒక సాకు, ఆమె రాయదని తెలుసు. కళ్ళలో ఇసుక పోసినట్టు. పోయిన ఏడాది ఇదే రోజుల్లో జీడిమెట్లలో స్వరూప వాళ్ళింటికి వెళ్ళింది, బతుకమ్మ పేర్చడం నేర్పిస్తా రమ్మంటే, రెండు గదుల ఇల్లు, బయట గాలిలో ఫ్యాక్టరీల ఘాటు, రెండు నిమిషాలకే దగ్గొచ్చింది, అక్కడివాళ్ళకి ఆ ఘాటు తెలియనే తెలియదు. స్వరూప నాన్న పెంటయ్య మందుల ఫ్యాక్టరీలో పని, వేళ్ళ చివర్లు పసుపు పచ్చగా ఉండేవి, ఎంత కడిగినా పోదట. మీకు జ్వరమొస్తే మింగే గోళీ నా చేతిలకెళ్ళే వస్తది బిడ్డా, అని నవ్వాడు. వడ్డించే ముందు సబ్బుతో మూడుసార్లు చేతులు కడుక్కున్నాడు, మూడుసార్లూ వాసన చూసుకున్నాడు, ఆ తర్వాతే చేప ముక్క తీసి, ముల్లు ఏరి, సంయుక్త పళ్ళెంలో పెట్టాడు. మా స్వరూపకు ఆఫీసుల దోస్తు ఉన్నదంటే నాకు ఫికర్ లేదు, అన్నాడు. ఆ చేప రుచి ఇప్పటికీ గుర్తుంది. మొన్న మధ్యాహ్నం దొండకాయ గుర్తులేదు కానీ, ఏడాది నాటి చేప, చింతపులుపు, మెంతి వాసనతో సహా.

ఫోన్ వణికింది, మళ్ళీ వణికింది. సంయుక్త కళ్ళు తెరిచింది. తెల్లటి వెలుతురు ఒక్కసారి మీద పడింది, గది లేదు, పాలు ఒలికినట్టు అంతా తెలుపు, టీవీ ఉండాల్సిన చోట రంగుల ముద్ద. అద్దాలు పెట్టుకుని ఫోన్ ముఖానికి దగ్గరగా తెచ్చింది, దూరంగా పెట్టింది, నీలం పట్టీ ఉందని తెలుస్తోంది, కింద అక్షరాలన్నీ చీమల బారులా కరిగిపోయి ఉన్నాయి. మనసు ఒక్కసారి జారింది. చిల్లు ఉండి, ఇదే ఇలాగే ఉండిపోతే? చూపు పోతే ఇక ఏం చదవలేను అని కాదు, ఆ ఫోటో, ఆ మాటలు అలాగే అక్కడ ఉంటాయి, తను చూడలేకపోయినా అందరూ చూస్తూనే ఉంటారు, దాన్ని తీయడానికి ఎక్కడ నొక్కాలో కూడా తనకు కనపడదు అని. "అక్కా" అని పిలిచింది, నర్సును అక్కా అని పిలవడం ఎలా వచ్చిందో. "ఒక చిన్న సాయం చేస్తారా. ఇందులో ఒకటి తీసేయాలి. నాకు కనిపించట్లేదు."

సక్కుబాయి పక్క కుర్చీలో కూర్చుంది, డెట్టాల్ వాసన. ఫోటో ఎలా ఉంటుందో చెప్పింది సంయుక్త. పొగ, విస్తళ్ళు, రోడ్డు. "ఆఁ, దొరికింది. వంటావార్పు గదా. కింద మస్తు రాసి ఉన్నది. ఇంగ్లీషు అక్షరాలల్ల ఉన్నది, ఇంగ్లీషు గాదు." చదవకండి, తీసేయండి చాలు, అనబోయింది, కానీ ఆమె అప్పటికే మొదలుపెట్టింది, రిపోర్టులు చదివే అలవాటుతో వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, "పి, ఏ, ఎన్, ఐ... పని. డి, ఓ... దొంగ... పనిదొంగలు." ఆగింది. తర్వాతి దానికి వెళ్ళింది. "తిండికి... లేక... వచ్చిన... బ్యాచ్." అరవలేదు, మెల్లగానే చదువుతోంది, అయినా గది అంతా వింటున్నట్టే ఉంది సంయుక్తకు. "మీ... అక్కని... గూడ... వడ్డి..." అక్కడ సక్కుబాయి గొంతు నిలిచిపోయింది. ఆ మాట ఏమిటో సంయుక్తకు తెలుసు. దానికి నలభై మూడు లైకులని తెలుసు. పది పదిహేనుసార్లు చూసి ఉంటుంది దాన్ని, చూసి పైకి జరిపింది, ఒక ఆడమనిషి నోట్లోంచి మాత్రం సగం కూడా వినలేకపోయింది. ఎవరి అక్కనో కాదు, స్వరూప అక్కను, బతుకమ్మ నాడు తన జడలో తంగేడు పువ్వు పెట్టిన ఆమెను.

సక్కుబాయి మళ్ళీ పైకి, ఫోటో దాకా జరిపింది. "గీ ఫోటో నువ్వే తీసినవా" అంది. నేనేనండి. "మా ఇంటాయన డిపోల మెకానిక్కు. ఆయన గూడ గిట్లనే రోడ్డు మీద తిన్నడు మొన్న, కొండాపూర్ల." గొంతులో కోపం లేదు, అలసట లాంటిదేదో ఉంది, పొద్దున్నుంచీ నిలబడి ఉన్న మనిషి గొంతు. సంయుక్త తల దించుకుంది. క్షమించండి అక్కా, అంది. "నాకెందుకు చెప్తవ్. యాడ నొక్కాలె చెప్పు." పక్కన చిన్న గుర్తు ఉంటుంది. "నొక్కిన. ఖాయమేనా అని అడుగుతున్నది." ఖాయమే. "పోయింది" అంది సక్కుబాయి, ఫోన్ ఆమె చేతిలో పెట్టి. ఆరు వందల నలభై లైకులు పోయాయి, పోతే ఏదో తెగినట్టు ఉంటుందనుకుంది, ఏమీ లేదు, ఒళ్ళో ఫోన్ ఉంది, కళ్ళలో మంట ఉంది, అంతే. "ఇంకొక్క పని అక్కా. స్వరూప అని పేరు ఉంటుంది, దానికి ఫోన్ కలపండి."

మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి చివరి మోతలో ఎత్తింది.

"ఏంది?"

"స్వరూపా, నేను."

"ఫోన్ల పేరు వడ్తది గదా."

"మాదాపూర్ కళ్ళాసుపత్రిలో ఉన్నాను. మందు వేశారు, ఏం కనిపించట్లేదు. ఆ ఫోటో తీసేశాను, ఇప్పుడే, నర్సమ్మ చేత తీయించాను."

అవతల కీబోర్డుల చప్పుడు, ఎవరో నవ్వు. "ఇప్పుడు తీస్తే ఏమైతది" అంది స్వరూప మెల్లగా. "ఎవడో కాయితం మీద అచ్చుగొట్టుకొని నాయిన ఫ్యాక్టరీకి తెచ్చిండు. వాడే ఇంటికి గూడ వచ్చి సదివి వినిపించిండు. అక్క ఆడనే ఉన్నది."

సంయుక్త కుర్చీ చెయ్యి పట్టుకుంది. "నాన్నగారు ఏమన్నారు?"

"ఏమనలే. గా పిల్ల మనింట్ల అన్నం తిన్నది గదా, అన్నడు. గంతే. లేచి బయటికి వోయిండు."

ఇన్ని రోజులుగా సంయుక్త మనసులో రాసుకున్న సంజాయిషీలు చాలా ఉన్నాయి, నేను రాసింది ఒక్క ముక్కే, మిగతాది వాళ్ళు, నేను కూల్‌గా ఉండమన్నాను కూడా, అన్నీ వరసగా ఉన్నాయి, ఒక్కటీ నోట్లోకి రాలేదు. "అంకె పెరుగుతోందని తీయలేదు స్వరూపా" అంది. "వాళ్ళు నిన్ను తిడుతుంటే చూస్తూ కూర్చున్నాను. తీయాలని తెలుసు. తీయలేదు."

ఊపిరి వినిపించింది, పొడుగ్గా. "ఎంబడి ఎవరున్నరు?" అంది స్వరూప. ఎవరూ లేరు. ఫోన్ కట్టయిపోయింది.

మూడో చుక్క. తర్వాత లోపలి గది, గడ్డం ఆనించే చల్లటి ఇనుము, పైకి చూడండి, కిందికి, మీ కుడివైపుకి, డాక్టరమ్మ చేతిలోని వెలుగు కంట్లోంచి పుర్రె వెనక దాకా పోయి వెతుకుతున్నట్టు ఉంది, ఆ వెలుగులో తన రక్తనాళాలే ఎండిన చెట్టు కొమ్మల్లా ఎదురుగా కనిపించాయి. దాయడానికి ఏమీ లేదన్న ఒక నెమ్మది. చిల్లు ఉంటే ఉంది. "చిల్లేమీ లేదమ్మా" అంది డాక్టరమ్మ, "మీ పవర్‌కి మెరుపులు మామూలే, లోపలి జెల్లీ రెటీనాను లాగుతుంది, ఆరు నెలలకోసారి చూపించుకోండి, ఎక్కువైతే వెంటనే రండి. కానీ కళ్ళు బాగా ఎండిపోయాయి. నిద్ర లేదు. మనిషి నిమిషానికి పదిహేనుసార్లు రెప్ప వేస్తాడు, ఆ తెర చూస్తున్నప్పుడు మీరు వేయడమే మర్చిపోతున్నారు. రోజుకి ఎన్ని గంటలు చూస్తారు?" రెండు, మూడు, అనబోయి, "లెక్క లేదండి" అంది. డాక్టరమ్మ చీటీ రాసింది.

గోడ పట్టుకుని బయటికి వచ్చింది. మెట్ల దగ్గర వెలుతురు మరీ ఎక్కువ, అరచెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ తెలుపులో ఒక పొడుగాటి ఆకారం నిలబడి ఉంది, ఆఫీసు బ్యాడ్జీ తాడు మెడలో నీలం గీతలా ఉంది, ముఖం లేదు, ముఖం ఉండాల్సిన చోట ఎండ.

"అయిందా?" అంది స్వరూప.

"అయింది. చిల్లేం లేదట."

"మంచిది." సంయుక్త మోచెయ్యి పట్టుకుంది, గట్టిగానే, వస్తువును పట్టుకున్నట్టు. "మెట్టు. ఇంకో మెట్టు. ఇగ లేవు." నవ్వలేదు, ఏం తిన్నావు అని అడగలేదు. అంత దూరం ఎండలో నడిచి వచ్చింది, వచ్చినంత మాత్రాన ఏదో అయిపోయినట్టు కాదు, ఆ పట్టులోనే తెలుస్తోంది. రోడ్డు మీద కంపెనీ కాబ్‌లు, షేర్ ఆటోల హారన్లు, దూరంగా ఎవరిదో మైకు. "లింగంపల్లి ఆటో చూస్త" అంది స్వరూప. "మీ అమ్మకు అప్పజెప్పి పోత."

"జీడిమెట్ల వెళ్దాం" అంది సంయుక్త.

చెయ్యి ఆగింది. "ఇయ్యాల్నా? గీ కండ్లతోనా?"

"నాన్నగారు ఇంట్లో ఉంటారా?"

"పొద్దటి షిఫ్టు. మూడింటికి వస్తడు." స్వరూప రోడ్డు వైపు తిరిగింది. తర్వాత చెయ్యెత్తి ఆటోను పిలిచింది, కూకట్‌పల్లి దాకా అంది, ఆడికెళ్ళి ఇంకోటి దొరకవట్టాలె, దొరకకుంటే నడవాలె, అంది ఇటు తిరిగి. అప్పటికే నలుగురున్న ఆటోలో ఇద్దరూ ఇరుక్కుని కూర్చున్నారు. ఎండ పొడుస్తుంటే సంయుక్త కళ్ళు మూసుకుంది. సంచిలో ఫోన్ వణుకుతోంది, వణకనీ. పెంటయ్య ఎదురుగా ఎలా నిలబడాలి. అక్క ఉంటుంది, ఆమె ముఖం మసకగానే కనిపిస్తుంది, అదొక దాక్కునే చోటు అవుతుందేమో, అవ్వకూడదు, దగ్గరికి వెళ్ళాలి, ఇంకా దగ్గరికి. నమస్తే అంకుల్ అనాలా. నన్ను క్షమించండి అనడం ఎంత తేలిక, రోజుకు పదిసార్లు ఎవరెవరికో రాస్తుంది ఆ మాట. ఫోటో కింద ఏం రాయాలో అర నిమిషంలో తట్టే తనకు, మలుపు మీద మలుపు తిరుగుతున్నా ఒక్క వాక్యం తట్టడం లేదు.

"ఏం చెప్తవ్ నాయినకు?" అంది స్వరూప, చెవి దగ్గరే, ఆటో మోతలో వినపడాలని.

"ఏమో స్వరూపా. ఏం చెప్పాలో తెలియడం లేదు. చూస్తూ కూర్చున్నాను, అంతే తెలుసు."

ఆటో ఎక్కడో గుంటలో పడి లేచింది. ఇద్దరి భుజాలూ తగిలాయి, స్వరూప జరగలేదు.

"గట్లనే చెప్పు" అంది.